ఉప్పుటేట్లో తెరచాప పడవ: బూజు, తలనొప్పి, ఒక ఊదుబత్తి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు పడవలకు సెలవు, పడవలు బాగుచేసే మాకు ఊపిరాడదు. జువ్వలదిన్నె నుంచి కృష్ణపట్నం దాకా ఫైబర్ పడవలన్నీ ఒక్కసారే ఇసుక మీదికెక్కుతాయి. ఒకదానికి అడుగు అరిగిపోయి ఉంటుంది, ఇంకోదానికి చుక్కాని విరిగి ఉంటుంది. అందరికీ జూన్ 15 పొద్దున్నే కావాలి. అలాంటి రద్దీలో, మే మొదటి వారంలో, నెల్లూరు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు.

"అబ్బయా, బోట్లో రాత్రి పడుకుంటే తెల్లారేసరికి దుప్పటి పిండుకోవాల్సి వస్తాండాది. పైకప్పు కారడంలేదు. వానే లేదు గదా. ఒకసారొచ్చి చూడు."

ఆయన సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. చెన్నైలో పాత తెరచాప పడవ కొని లారీ మీద తెచ్చుకున్నారు. 26 అడుగుల ఫైబర్ పడవ, లోపల ఇద్దరు హాయిగా పడుకోవచ్చు. కృష్ణపట్నం పోర్టుకు ఎగువన ఉప్పుటేటి మలుపులో లంగరేసి, వారంలో మూడు నాలుగు రాత్రులు అక్కడే గడుపుతారు. తోడుగా ముత్తుకూరు వైపు కుర్రాడొకడు. తెరచాప పడవ రిపేరు నాకదే మొదటిసారి. అయితే ట్రాలర్ కేబిన్లు, ఐసు పెట్టెలు, ఇంజన్ గదులు చాలా చూశాను. గాలికి పడవ జాతి ఏదైనా ఒకటే కదా అనుకుని వెళ్లాను. ఆ ధీమాకు తర్వాత మూల్యం చెల్లించాను.

లోపలికి దిగీదిగగానే ముక్కుకు తగిలింది తడి గోనెసంచి వాసన. పరుపులెత్తితే అడుగున ప్లైవుడ్ మీద నల్లటి చుక్కల బూజు. పైకప్పు లోపలి వైపు నీటి చారలు. కేబిన్‌కు గాలి దారులు రెండే. వెనక కాక్‌పిట్ (కూర్చుని పడవ నడిపే ఆరుబయటి గుంట) నుంచి దిగే మెట్ల వాకిలి ఒకటి, ముందు ముక్కు దగ్గర పైకి తెరుచుకునే హ్యాచ్ ఒకటి. పక్క కిటికీలకు అద్దం బిగించేశారు, తెరుచుకోవు. దోమల భయానికి రాత్రిళ్లు ముందు హ్యాచ్ మూసేసి, మెట్ల వాకిలికి పలకలు అడ్డం పెట్టుకుంటున్నారు. ఆ పలకల సందుల్లోంచి వచ్చిన గాలే గాలి.

కుర్రాడు ఇంకో సంగతి చెప్పాడు. "సారుకీ నాకూ ఒక్కో రోజు తల పగిలిపోతుందన్నా. అన్ని రోజులూ కాదు. అమావాస్యకీ పున్నమికీ ఆ చుట్టుపక్కలే. మా అమ్మ గాలి సోకిందంటాండాది." వాళ్లమ్మ అప్పటికే ముందు హ్యాచ్‌కు నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టించింది. నేను నవ్వి ఊరుకున్నాను. అక్కడే నా మొదటి పొరపాటు. తలనొప్పిని ఉక్కపోత లెక్కలో రాసేసుకున్నాను.

తేమ లెక్క మాత్రం శ్రద్ధగానే చూశాను. ఉష్ణోగ్రతా తేమా చూపించే చిన్న డిజిటల్ మీటర్లు రెండు కొని, ఒకటి కేబిన్లో, ఒకటి కాక్‌పిట్ నీడలో పెట్టాను. తెల్లవారుజామున 5 గంటలకు బయట 28 డిగ్రీలు, తేమ 84 శాతం. లోపల 29.5 డిగ్రీలు, 93 శాతం. శాతాలు చూస్తే పెద్ద తేడా కనిపించదు. శాతాలను గ్రాముల్లోకి మార్చాలి. 28 డిగ్రీల దగ్గర ఒక క్యూబిక్ మీటరు గాలి మోయగలిగిన నీటి ఆవిరి సుమారు 27 గ్రాములు. అందులో 84 శాతమంటే దాదాపు 23. లోపలి లెక్క 27న్నర దగ్గర తేలింది. అంటే లోపలి గాలి బయటి గాలి కంటే క్యూబిక్ మీటరుకు నాలుగున్నర గ్రాములు ఎక్కువ నీళ్లు మోస్తోంది.

ఆ నీళ్లు పైకప్పు నుంచి కాదు, పడుకున్నవాళ్ల నుంచి. నిద్రపోయే మనిషి ఊపిరిలో, చెమటలో గంటకు 40 నుంచి 50 గ్రాముల దాకా నీటిని వదులుతాడు. ఇద్దరికి 90 అనుకుందాం. గంటకు 90 గ్రాములు పుడుతుంటే తేడా నాలుగున్నర దగ్గర నిలబడిందంటే, గంటకు 20 క్యూబిక్ మీటర్ల గాలి మాత్రమే మారుతోందన్నమాట. కేబిన్ సైజు 11 క్యూబిక్ మీటర్లు. లోపలి గాలి గంటకు రెండు సార్లు కూడా మారడంలేదు. మీటర్లకు పెట్టిన ఆరేడు వందలకు ఇంత సమాచారం రావడం నాకే ముచ్చటేసింది.

ఇక పైకప్పు చారలు. నిర్మలంగా ఉన్న ఆకాశం కింద ఫైబర్ డెక్ (పడవ పైతలం) రాత్రంతా వేడిని పైకి వదులుకుంటూ చుట్టూ ఉన్న గాలి కంటే రెండు డిగ్రీలు చల్లబడుతుంది. పొద్దున్నే మోటారుసైకిల్ సీటు మీద మంచు పట్టేది అందుకే. 27న్నర గ్రాముల ఆవిరి ఉన్న గాలి 28 డిగ్రీలు దాటి కాస్త దిగగానే నీళ్లు వదిలేస్తుంది. డెక్ అడుగు 26 దగ్గరుంటే పైకప్పు చెమర్చక ఏం చేస్తుంది?

గాలి చాలడంలేదని తేలింది కాబట్టి గాలి లాగే ఫ్యాన్ పెట్టేశాను. 12 వోల్టుల 4 అంగుళాల బ్లోయర్ ముందు హ్యాచ్ పక్కన బిగించి, లోపలి గాలిని బయటికి తోసేలా చేశాను. రెండు రోజుల తర్వాత మీటరు చూస్తే తేడా రెండు గ్రాములకు దిగింది. దుప్పటి పొడిగా ఉందన్నారు. డబ్బులు తీసుకుని వచ్చేశాను.

పదిరోజులకు కుర్రాడు ఫోన్ చేశాడు. పున్నమి వెళ్లిన మర్నాడు. ఇద్దరికీ తలనొప్పి, పెద్దాయనకు వాంతులు కూడా. "ఫ్యాన్ పెట్టినాక ఎక్కువైందన్నా" అన్నాడు, నన్ను నొప్పించకూడదన్నట్టు గొంతు తగ్గించి.

ఆ సాయంత్రమే వెళ్లాను. ఈసారి మీటర్లతో పాటు ఊదుబత్తుల కట్ట తీసుకెళ్లాను. గాలిని కళ్లతో చూడాలంటే అంతకంటే మంచి పరికరం నాకు తెలియదు. ఫ్యాన్ వేసి, కేబిన్ మధ్యలో ఊదుబత్తి పట్టుకుంటే పొగ గీత గీసినట్టు వెనక నుంచి ముందుకు పోతోంది. మెట్ల వాకిలి దగ్గర పట్టుకుంటే కాక్‌పిట్లోని పొగ కూడా లోపలికే వంగుతోంది. ఇది ఫ్యాన్ పుణ్యం ఒక్కటే కాదు. లంగరేసిన పడవ గాలికి ఎదురు తిరిగి నిలబడినప్పుడు, గాలి కేబిన్ పైనుంచి దొర్లి వెనక కాక్‌పిట్లో సుడి తిరుగుతుంది. అందులో కొంత మెట్ల వాకిలిలోంచి లోపలికి జొరబడి ముందు హ్యాచ్ నుంచి బయటపడుతుంది. డెక్ మీద గాలి ముందు నుంచి వెనక్కి వీస్తుంటే, కేబిన్లో గాలి వెనక నుంచి ముందుకు నడుస్తుంది. చిన్న పడవలతో పరిచయమున్నవాళ్లకు ఇది పాత సంగతే. నాకు కొత్త.

తొమ్మిదింటికి పెద్దాయన భోజనం ముగించి కాక్‌పిట్లోకి వెళ్లి చిన్న పెట్రోలు జనరేటర్ తాడు లాగారు. బ్యాటరీ చార్జింగు కోసం. నా ఫ్యాన్ తిరగడానికి కూడా అదే బ్యాటరీ. అప్పుడు చూశాను, పడవ తిరిగిపోయి ఉంది.

ఈ మలుపులో ఏరు తూర్పు పడమరలుగా పారుతుంది. పోటు వచ్చేటప్పుడు నీళ్లు సముద్రం వైపు నుంచి లోపలికి తోస్తాయి, పడవ ముక్కు తూర్పుకు ఉంటుంది. పాటు తీసేటప్పుడు ముక్కు పడమరకు తిరుగుతుంది. ఎండాకాలం సాయంత్రాల్లో గాలి మాత్రం సముద్రం మీద నుంచే, తూర్పు ఆగ్నేయాల నుంచి వీస్తుంది. కాబట్టి పాటు సమయంలో గాలి సరిగ్గా పడవ వీపు మీద కొడుతుంది. లంగరు మీద పడవ ఎప్పుడూ గాలికి ఎదురుగా ఉంటుందన్నది విశాల సముద్రంలో నిజం. ఏట్లో ప్రవాహం మాటే చెల్లుతుంది.

పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ రెండు వారాలకొకసారి మళ్లీ అదే వేళకు వస్తుంది. ఈ మలుపులో అమావాస్య, పున్నమి దగ్గర రోజుల్లో పాటు రాత్రి భోజనాల వేళకు మొదలవుతుంది. ఆ రోజుల్లో జనరేటర్ పొగను వెనక గాలి నేరుగా మెట్ల వాకిలిలోకి తోస్తోంది. ముందు నేను బిగించిన బ్లోయర్ దాన్ని పడకల మీదుగా లాగుతోంది. అష్టమి, నవమి రోజుల్లో అదే వేళకు పోటు ఉంటుంది, గాలి ముందు నుంచి వస్తుంది, పొగలో చాలా భాగం వెనక నీళ్ల మీదికి కొట్టుకుపోతుంది. కుర్రాడు చెప్పిన తిథులు తప్పు కాదు, వాళ్లమ్మ మాట కూడా. సోకింది గాలే.

జనరేటర్ కట్టేయించి పెద్దాయనతో చెబితే మొదట ఒప్పుకోలేదు. "ఆరుబయట పెట్టిందే గదయ్యా. పొగ వాసన కూడా రాలేదే." ఓడల్లో ఇంజన్ గదికి ఎన్ని ఫ్యాన్లు, ఎంత సామర్థ్యం అన్నది ఆయనకు కరతలామలకం. కానీ అక్కడ పొగగొట్టం ఎక్కడో ఆకాశంలో ఉంటుంది. ఇక్కడ దిండుకు పది అడుగుల దూరంలో ఉంది. పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుట్లో హిమోగ్లోబిన్‌ను పట్టుకోవడంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలమైనది. తలనొప్పి, వాంతి దాని తొలి మెట్లు. తర్వాతి మెట్టు నిద్రలోనే దాటేస్తారు. ఈ మాటలు చెబుతూ నా చేతులు చల్లబడ్డాయి. ఫ్యాన్ బిగించింది నేనే కదా. ఆయన మాత్రం కాసేపు ఏటి వైపు చూసి, "జనరేటర్ ఒడ్డుకు చేర్చురా" అని కుర్రాడితో అన్నారు, అంతే. మర్నాడు ఇద్దర్నీ నెల్లూరులో డాక్టరుకు చూపించుకోమని పంపాను.

బ్లోయర్ పీకేశాను. బ్యాటరీకి 100 వాట్ల సోలార్ పలక పెట్టించాం. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్లో తెప్పించి పడక తలాపున బిగించాను. ఆ వాయువు బరువు గాలి బరువుకు దగ్గర దగ్గరగానే ఉంటుంది, అందుకని నేల మీద, కప్పు మీద కాకుండా ముక్కు ఉండే ఎత్తులో పెట్టాలి. గ్యాసుది వేరే కథ. వంటకు వాడే చిన్న సిలిండరు పొయ్యి కింద చెక్క అరలో ఉంది. వంటగ్యాసు గాలి కంటే బరువు, కారితే పైకిపోదు, పడవ అడుగున బిల్జ్‌లో నీళ్లలా నిలబడుతుంది. పైన ఎన్ని గొట్టాలు పెట్టినా అది కదలదు. సిలిండర్ను కాక్‌పిట్ పక్క అరలోకి మార్చి, కేబిన్ వైపు సందులన్నీ ఫైబర్‌తో మూసి, ఆ అర కింది భాగం నుంచి పడవ బయటికి, నీటి మట్టానికి పైన, గొట్టం దించాను. పొయ్యి వెలిగించినప్పుడు హ్యాచ్ తెరవమని కూడా చెప్పాను. ఒక కిలో గ్యాసు మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది, అది కూడా దుప్పట్లోకే చేరుతుంది.

ఇప్పుడు అసలు గాలి. ఈసారి కరెంటు జోలికి పోలేదు. పాము పడగలా వంగిన 4 అంగుళాల గొట్టాలు రెండు, పెట్టెలతో సహా కావాలనుకున్నాను. 1930లో అమెరికాలో నీళ్లలోకి దిగిన డోరాడ్ అనే పందెం పడవ మీద పుట్టిన ఉపాయమిది. ఆ పడవ గీసిన ఓలిన్ స్టీఫెన్స్ తమ్ముడు రాడ్, గాలి గొట్టాల్లోంచి నీళ్లు లోపల పడుతున్నాయని ఈ పెట్టె తయారుచేశాడు. పెట్టెకు ఒక చివర పైన పడగ గొట్టం. రెండో చివర డెక్‌లోంచి లోపలికి దిగే గొట్టం, డెక్ కంటే 3 అంగుళాలు పైకి లేచి ఉంటుంది. పడగలో పడ్డ అల పెట్టె అడుగుకు పోయి మూలల్లోని చిల్లుల నుంచి డెక్ మీదికి కారిపోతుంది. గాలి మాత్రం ఎత్తుగా ఉన్న గొట్టంలోకి దిగుతుంది. వలల షెడ్డులో మిగిలిన ఫైబర్ మ్యాటు, రెజిన్‌తో రెండు రోజుల్లో పోశాను. కారే చిల్లులు మొదట సన్నగా పెట్టి తప్పుచేశాను, చెత్త అడ్డం పడింది. తర్వాత బొటనవేలు పట్టేంత చేశాను.

ఎడమవైపు పడగను ముందుకు, కుడివైపు పడగను వెనక్కి తిప్పి బిగించాను. పోటుకు పడవ తిరిగితే ఒకటి గాలి తీసుకుంటుంది, పాటుకు తిరిగితే రెండోది తీసుకుంటుంది. మిగిలింది బయటికి వదులుతుంది. రాత్రి లేచి తిప్పే పని లేదు. ఇది పుస్తకంలో చదివింది కాదు, ఆ ఏరు నేర్పింది.

దోమల సమస్య వీటన్నిటికంటే పెద్దది. మడ చెట్ల పక్కన దోమతెర లేకుండా పడుకోమని ఎవరికీ చెప్పలేం. తెర కడితే గాలి సగానికి పడిపోతుంది, ఉప్పు దుమ్ము పడితే ఇంకా తక్కువ. అందరూ చేసేది హ్యాచ్ నోటికి సరిపడా తెర ముక్క బిగించడం. నేను కుట్టు మిషను ఆమె దగ్గర గుడారంలా సంచి కుట్టించాను, హ్యాచ్ పైకి లేచి నిలబడేలా. నోటి వైశాల్యానికి తెర గుడ్డ వైశాల్యం మూడింతలు. సందులు ఎన్ని ఉన్నాయన్నది లెక్క, తెర కట్టామా లేదా అన్నది కాదు. మెట్ల వాకిలికి కూడా పలకల బదులు ఇలాంటిదే.

పరుపుల అడుగు బూజుకు పరిష్కారం పెద్దాయన భార్య చెప్పారు. ఒకరోజు ఒడ్డుకొచ్చి, లోపలికి దిగకుండానే, "చెక్క మీద పరుపేస్తే కుళ్లక ఏమవుతాది? మన నులక మంచాలకు అడుగున గాలాడేది కదా" అన్నారు. పడకల ప్లైవుడ్‌ను చట్రం మాత్రం మిగిలేలా కోసేసి, ప్లాస్టిక్ నవారు అల్లించాను. కింది అరల తలుపులకు పైనొకటి కిందొకటి చిల్లులు తీశాను. పరుపు గుడ్డలను మంచినీళ్లలో రెండుసార్లు ఉతికించాను. ఉప్పునీళ్లు తగిలిన గుడ్డ ఎంత ఎండలో ఆరేసినా రాత్రికి మెత్తబడుతుంది. తేమ 75 శాతం దాటితే ఉప్పు గాలిలోంచి నీళ్లు తాగుతుంది. ఇసకపల్లి వైపు ఉప్పు కొఠార్ల దగ్గర పుట్టి పెరిగినవాళ్లకు వానకాలం ఉప్పు కుప్ప ఎలా కారుతుందో చెప్పక్కర్లేదు.

డెక్ మీద అడుగున్నర ఎత్తులో టార్పాలిన్ పందిరి కట్టించాను, రెండు పక్కలా గాలి దూరేలా. రోహిణి కార్తెలో ఇంటి ముందు తాటాకు పందిరి చేసే పనే ఇది. దీనికి రెండో లాభం ఉంది, రాత్రి డెక్ ఆకాశానికి వేడి వదలకుండా అడ్డుపడుతుంది, పైకప్పు చెమర్చదు.

జూన్ చివర మళ్లీ కొలిచాను. బయట అదే 28, 84 దొరికిన రాత్రి లోపల 28.5 డిగ్రీలు, 86 శాతం. తేడా 1.2 గ్రాములు. గంటకు 75 క్యూబిక్ మీటర్లు, అంటే దాదాపు ఏడు మార్లు గాలి మారుతోంది, ఫ్యాన్ లేకుండా.

పెద్దాయన మాత్రం తేమ ఇంకా 86 శాతమేంటని పెదవి విరిచారు. చలిదేశాల పడవల గురించి చదివి వచ్చిన ఆశ అది. అక్కడ 5 డిగ్రీల బయటి గాలి నీళ్లతో నిండి ఉన్నా క్యూబిక్ మీటరుకు 7 గ్రాములు కూడా మోయదు. దాన్ని లోపల 20 డిగ్రీలకు వెచ్చబెడితే 40 శాతానికి దిగుతుంది. అక్కడ గాలి ఆరబెడుతుంది. మన ఒడ్డున బయటి గాలే 23 గ్రాములు మోసుకొస్తుంది, ఎంత లోపలికి తెచ్చినా అంతకంటే పొడి కాదు. ఇక్కడ గాలి పని మనుషుల ఊపిరిని, వేడిని మోసుకుపోవడం, బట్టల మధ్య, చెక్కల వెనక కదలడం. నిజంగా ఆరబెట్టేది మధ్యాహ్నపు ఎండ. ఉదయం పది తర్వాత పరుపులు నిలబెట్టి అరలన్నీ తెరిచి పెట్టమన్నాను. తెల్లవారుజామున తెరిచి లాభం లేదు.

ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు చివర, ఒక రాత్రి వాయుగుండం వానకు పెట్టెల్లోకి కూడా నీళ్లు ఎదురెక్కాయి. పడగలు తీసి మూతలు బిగించుకోమని చెప్పి ఉన్నాను, కుర్రాడు ఒకటి మర్చిపోయాడు. ఒక పరుపు తడిసింది. ముక్కు దగ్గరి చిన్న అరలో బూజు ఇప్పటికీ వస్తోంది. అక్కడికి గాలి చేర్చే దారి నాకింకా దొరకలేదు. మధ్యనున్న అడ్డగోడ (బల్క్‌హెడ్) కోయాలంటే తెరచాప కొయ్య బరువు దాని మీదుంది, చేయి రావడంలేదు.

తలనొప్పులు మళ్లీ రాలేదు. డిసెంబరులో వెళ్లినప్పుడు ముందు హ్యాచ్‌కు కొత్త నిమ్మకాయ, మిరపకాయల దండ వేలాడుతోంది. వాళ్లమ్మ ప్రతి అమావాస్యకీ మారుస్తోందట. "తీసేయమంటావా అన్నా?" అని కుర్రాడు నా మొహం చూశాడు. వద్దన్నాను. దండ లోపలి వైపుకు ఊగుతుంటే గాలి వస్తోంది, బయటి వైపుకు ఊగుతుంటే పోతోంది. ఊదుబత్తి ఖర్చు మిగిలింది.